నాటు గుత్తకు, కలుపు కైకిలికి

ఆ పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు ఎగదొయ్యి బిడ్డా. సంక్రాంతి దాటేదాక ఈ చలి ఇట్లనే ఉంటది. పత్తికట్టె గబుక్కున అంటుకుంటది గానీ నిలువది. ఆ తుమ్మమొద్దును ఎన్కకు జరుపు, అదైతే తెల్లారేదాక కాలుతది. ఆఁ, ఇగ చెప్పు. ఆ ఇంటి పనికి ఎంతకు ఒప్పుకున్నవు? ఎనిమిది వందలా?

పొద్దుగాల పొద్దుగాల మెయిన్ పడిపోతున్నదని ఫోన్ చేస్తే పోయినవు. గడపల నిలవడి, సంచి కూడా దించకముందే ఎనిమిది వందలన్నవు. రెండు రోజులాయె, లీకు ఎక్కడున్నదో ఇంకా దొరకలే. మొఖం చూస్తేనే తెలుస్తున్నది. నీళ్ళల్ల ఉన్న బర్రెకు గట్టు మీద నిలవడి బేరం చేసినట్టాయె. నవ్వుతున్న అనుకోకు. నేను గూడ ఒకప్పుడు అదే బర్రెను కొన్న. ఆ ముచ్చట చెప్త, ఇను.

1969ల తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉండె. బడులు నెలల కొద్ది బందు. నాకప్పుడు పద్నాలుగేండ్లు. చెరువుగట్టు మీద గోలీలాడుకుంట తిరుగుతుంటే మా నాయిన చూసి చూసి, ఒకరోజు కరీంనగర్ తీస్కపోయి ఒక ఉస్తాదు దుకాణంల కూసోపెట్టిండు. మల్ల బడులు తెరిచినా నేను పోలే. ఉస్తాదు చేతుల స్క్రూడ్రైవరు తిరుగుతుంటే చూసుడే నాకు పాఠమైపోయింది.

అప్పటి వైరింగు నువ్వు చూడలే. ఇప్పటి లెక్క గోడల పైపు దాసుడు లేదు. గోడకు టేకు పట్టీలు కొట్టాలె, పట్టీ మీద వరుసగ క్లిప్పులు, ఆ క్లిప్పులల్ల వైరు పండవెట్టి మడవాలె. బ్యాటన్ వైరింగు అంటరు. రాగి కరువు, చానమట్టుకు అల్యూమినియం వైరే. పట్టీ వంకర పోయిందంటే ఉస్తాదు దూరంకెళ్లి ఒక కన్ను మూసి చూసేది. ఏమనకపోయేది. 'బేటా' అనేది, అంతే. నేను పట్టీ ఊడదీసి మల్ల కొట్టేది.

కొత్త ఇల్లు ఒప్పుకోవాలంటే ఉస్తాదుది ఒక పద్ధతి ఉండె. చేతుల సుద్దముక్క పట్టుకొని ఇంటాయన ఎంబడి అర్ర అర్ర తిరిగేది. లైటు ఎక్కడ, ఫ్యాను ఎక్కడ, స్విచ్చి ఏ చేతికి అందాలె అని అడుక్కుంట గోడ మీద గుర్తు పెట్టేది. ఒక లైటు, దాని స్విచ్చి, నడుమ వైరు కలిస్తే ఒక పాయింటు. ఫ్యాను ఒక పాయింటు. బోర్డు మీదనే ఉన్న ప్లగ్గు మా ఉస్తాదు లెక్కల అర పాయింటు. పది పాయింట్లకు, లేకుంటే 800 వాట్లకు మించి ఒక సర్క్యూటు మీద వెయ్యద్దన్న నియమం అప్పుడే నేర్పిండు. తిరుగుడు అయినంక సుద్ద గుర్తులు లెక్కపెట్టి, ఇన్ని పాయింట్లు, పాయింటుకు ఇంత, మొత్తం ఇంత అని చెప్పేది. ఇంటామె గూడ ఏళ్ల మీద లెక్కపెట్టుకునేది. లొల్లి ఉండకపోయేది.

1971ల మన పక్కనే రామగుండంల 62.5 మెగావాట్ల కరెంటు స్టేషను నడుసుడు మొదలైంది. చుట్టుపక్కల ఇండ్లకు కనెక్షన్లు పెరిగినయి, మాకు పాయింట్ల పనికి కొదవ లేకుండె. ఒక పాయింటుకు వైరు దూరం గుంజాలె, ఇంకోటి బోర్డు పక్కనే ఉంటది. రెంటికీ ఒకటే రేటు ఎట్ల కుదురుతదని ఒకసారి అడిగిన. 'ఒక పాయింటు చేస్తే కుదరది, ఇరువై చేస్తే కుదురుతది' అన్నడు. దూరంది దగ్గరది కలిసి సర్దుకుంటదని నాకు చానా రోజులకు సమజైంది.

నాకు మాత్రం అదంత చూసి ఒక తప్పుడు ధైర్యమొచ్చింది. రేటు చెప్పుడంటే ఇంతేనా అనుకున్న.

1974ల ఉస్తాదు ఊర్ల లేనప్పుడు ఒక మిల్లు షావుకారు మనిషిని పంపిండు. పాత ఇల్లు. వానొస్తే గోడలు జిల్లుమంటున్నయట, ఫ్యూజులు కొట్టుకపోతున్నయట. పోయి అరుగు మీద నిలవడి ఇరువై ఐదు రూపాయలు అన్న. షావుకారు ఒక్క మాట బేరమాడలే. బిడ్డా, బేరమాడని షావుకారును చూస్తే భయపడాలె. నేను సంబురపడ్డ.

లోపలికి పోతే అది బ్యాటన్ గూడ కాదు, అంతకన్న పాతది. గాళ్లు తీసిన చెక్కల వైరు పెట్టి పైన చెక్క మూత కొట్టిన వైరింగు. లోపల రబ్బరు వైరు, దాని మీద నూలు అల్లిక. మూత ఇప్పి వైరును ముట్టుకుంటే రబ్బరు సున్నం లెక్క రాలింది. ఎలుకలు కొరికినయి కొన్ని, చెదలు తిన్నది కొంత. ఒక్కొక్క ఫ్యూజు తీసుకుంట, సిరీస్ బల్బు పెట్టుకుంట, సగం ఇల్లు ఇడగొట్టి సగం చూసుకుంట పోయిన. ఒక లీకు పట్టుకుంటే దాని ఎన్క ఇంకోటి. మొదటి రోజుకే నా ఇరువై ఐదుల సగం కూలి పోయింది. మూడో రోజుకు సహాయం చేసే పిల్లగానికి నా కీసల పైసలు ఇచ్చిన. ఐదో రోజు ఇంటోళ్లు అన్నం పెట్టుడు గూడ మానేసిండ్రు.

ఆరో రోజు దంతెల మీదికెక్కిన. అక్కడ ఏ కాలంలదో ఒక జాయింటు, పచ్చగ కిలుం పట్టి ఉన్నది. దాన్ని తీసి కొత్త వైరు గుంజాలంటే పెంకలు ఇప్పాలె, ఇంకో రోజంత పడుతది. కింద షావుకారు 'అయిందా' అని అరుస్తున్నడు. నేను ఇరువై ఐదు రూపాయలకు ఇంత పనెందుకు అనుకొని, టేపు నాలుగు సుట్లు సుట్టి దిగిన. లైట్లు ఎలిగినయి. పైసలు తీసుకొని వచ్చిన.

వానకాలం వచ్చింది. ఆ జాయింటు మీద పెంక పగిలి నీళ్లు కారినయి, గోడ నానింది. గోడకు కొట్టిన మొలకు బట్టలారేసే ఇనుప తీగ కట్టి ఉన్నది. ఇంటి కోడలు తడి చేతులతోని ఆ దండెం పట్టుకున్నది. ఇసిరి కొట్టింది. బతికింది బిడ్డా, దేవుని దయ. చెయ్యి మాత్రం ఎన్నో రోజులు లేవలే.

ఉస్తాదుకు కబురొచ్చింది. నన్ను కొట్టలే, తిట్టలే. సైకిలు ఎన్క కూసోపెట్టుకొని పోయిండు. మెయిన్ బందు చేసి, పెంకలు ఇప్పి, ఇద్దరం మూడు రోజులు చేసినం. ఆ ఇంట్ల పాత రబ్బరు వైరు ఒక్క మూర గూడ మిగల్లే. షావుకారు కాడ వైరు కర్సులు తప్ప ఒక్క పైస ముట్టలే. వాపసు వచ్చేటప్పుడు సైకిలు మీద అన్న మాట నాకిప్పటికి చెవులల్లనే ఉన్నది. 'ఇరువై ఐదుకు ఒప్పుకున్నందుకు నిన్నేమనను బేటా, అది తెలువనితనం. ఇరువై ఐదే కదా అని టేపు సుట్టినవు చూడు, దానికి అంటున్న. నువ్వు తొందరపడ్డ సంగతి ఇంటోళ్లకు తెలువకపోవచ్చు, కరెంటుకు తెలుస్తది.'

ఆ రాత్రి ఇంటికొచ్చి మా నాయినకు చెప్పిన. ఇట్లనే మంట కాగుతున్నడు. అంత ఇని, ఎవుసం మనిషి కదా, ఎవుసం మాటే చెప్పిండు. 'నాటు గుత్తకిస్తం, కలుపుకు కైకిలోళ్లను పిలుస్తం. ఎందుకో ఎన్నడన్న ఆలోచించినవారా?' అన్నడు.

నేను ఆలోచించలే. నాయినే చెప్పిండు. నాటుకు ఎకరం మడి కండ్ల ముందర ఉంటది. దమ్ము చేసి ఉన్నది, నారు కట్టలు గట్టు మీదున్నయి, నీళ్లున్నయి. గుంపును తెచ్చే ఆమె ఒక్క చూపు చూసి ఎకరానికి ఇంత అని చెప్తది. తొందరగ నాటితే వాళ్లకే లాభం, మనకేం నట్టం లేదు. కలుపు అట్ల కాదు. తుంగ ఎంతున్నదో, ఊద ఎంతున్నదో మడిల దిగితే గాని తెలువది. గుత్తకిచ్చినవంటే పైపైన దువ్వి పోతరు, ఏర్లు భూమిల అట్లనే ఉంటయి. వారానికి మల్ల లేస్తది. 'నువ్వు ఆ ఇంట్ల కలుపును గుత్తకు పట్టినవు, ఏర్లు ఇడిసిపెట్టినవు' అన్నడు.

ఇంకోటి గూడ చెప్పిండు. బాయి తవ్వేటోళ్లు ఉంటరు చూడు, వాళ్లది మూడో తొవ్వ. మట్టికి ఒక ధర, మొరానికి ఒక ధర, బండ తగిలితే ఇంకో ధర. గజం గజానికి కొలత. బండ ఏ లోతుల తగుల్తదో వాళ్లకూ తెలువది, మనకూ తెలువది. కని తగిలినప్పుడు ఎంతనేది ముందే మాట్లాడుకొని ఉంటరు. అందుకే బాయికాడ కొట్లాటలు తక్కువ.

ఆ తెల్లారి నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొన్న. పోయిన ప్రతి పని రాసిన. ఏం పని, ఎన్ని గంటలకు ఇంటికెళ్లి ఎల్లిన, ఎప్పుడు మొదలువెట్టిన, ఎప్పుడు అయింది, మల్ల అదే పనికి పిలిచిండ్రా లేదా. మూడేండ్లు రాసిన. ఒకరోజు కూసోని, ఒక్కొక్క పనికి అన్నిట్ల తక్కువ ఎంత పట్టింది, అన్నిట్ల ఎక్కువ ఎంత పట్టింది అని పక్కపక్కన పెట్టి చూసిన.

ఫ్యాను బిగించుడు తక్కువల తక్కువ అరగంట, ఎక్కువల ఎక్కువ గంట. ట్యూబులైటుకు చోకు మార్చుడు, ఫ్యానుకు కండెన్సరు మార్చుడు, స్విచ్చి మార్చుడు, కొత్త ఫ్యూజు కట్టలు పెట్టుడు అన్నీ అట్లనే, తక్కువకు ఎక్కువకు పెద్ద తేడా లేదు. అవన్ని నాట్లు బిడ్డా. వాటికి కళ్లు మూసుకొని గుత్త చెప్పొచ్చు. పాత ఇంట్ల లీకు పట్టుకునుడు చూస్తే తక్కువల తక్కువ పది నిమిషాలు, ఎక్కువల ఎక్కువ ఆరు రోజులు. అప్పుడప్పుడు ఫ్యూజు పోతున్నదంటే, ఉండుండి లైటు మినుక్కుమంటున్నదంటే, అవన్ని తుంగ.

నువ్వు ఐటీఐల సదివినవు, తెలివిగల్లోనివి. సగటు తీసి చెప్పొచ్చు కదా తాతా అంటవు. నేను గూడ చేసి చూసిన. లీకు పనులకు సగటు తీసి ఒక గుత్త పెట్టిన. ఏమైందో ఎరికేనా? చిన్న లీకు ఉన్నోళ్లు 'ఇంతనా' అని పక్క దుకాణానికి పోయిండ్రు. ఇల్లు మొత్తం కుళ్లిపోయినోళ్లు మాత్రం 'సరే పటేలా, రా' అన్నరు. సగటు కాగితం మీదనే ఉండిపోయింది, నా మెడకు ఎక్కువయే మిగిలినయి. పాయింట్లల్ల ఇరువై కలిసి సర్దుకుంటయి అన్న కదా, అక్కడ దూరం దగ్గర రెండూ ఒకే ఇంట్ల ఉంటయి. ఇక్కడ సులువుది తప్పించుకొని పోతది.

ఇంకో మాట. గుత్త పెట్టినా, ఆ గుత్తల ఏమున్నది ఏం లేదో ముందే నోటితోని చెప్పాలె. ఫ్యాను బిగించుటానికి ఇంత అంటే, సీలింగుకు హుక్కు ఉన్నదని లెక్క. హుక్కు లేకపోతే స్లాబుకు రంధ్రం కొట్టాలె, అది వేరే పని, వేరే ధర. సంచి దించకముందు చెప్పిన మాట మాటలెక్క ఉంటది, పని అయినంక చెప్తే దబాయింపు లెక్క ఉంటది.

ఆ తర్వాత నేను మోటర్ల వైండింగు పెట్టిన. అదీ గుత్తే, హార్స్‌పవరుకు ఇంత అని. మూడు హెచ్‌పీకి ఇంత, ఐదు హెచ్‌పీకి ఇంత. ఎన్ని గాళ్లు, ఎంత రాగి, ఎన్ని సుట్లు అన్నీ తెలిసినయే కాబట్టి మంచిగ నడిచింది. 1983ల ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయినంక ఎవుసం కరెంటుకు స్లాబు వచ్చింది. హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయలు. మీటరు ముచ్చట లేదు. గంట నడిపినా అంతే, రాత్రంత నడిపినా అంతే. సర్కారు గూడ గుత్త పెట్టిందన్నట్టు. రైతులకు సంబురమే, మా నాయిన గూడ సంబురపడ్డడు. బిల్లు ఎంతొస్తదో అన్న భయం పోయింది.

కని గుత్త ఏ కొలత మీద పెడితే, మనిషి ఆ కొలతనే ఒత్తుతడు. నా కాడికి కాలిపోయిన మోటర్లు వచ్చేటియి, స్లాబు తగ్గాలని ప్లేటు మీద మూడు, ఇప్పి చూస్తే లోపల ఐదు. మూడు గుత్తకు ఒప్పుకున్నోన్ని ఐదు రాగి సుట్టాల్సి వచ్చేది. రెండు నెలలు నట్టపోయినంక తెలివొచ్చింది. ప్లేటు సదువుడు బందు వెట్టి, కాలిన రాగిని తీసి తక్కెడల పెట్టి జోకుడు మొదలువెట్టిన. కిలోల లెక్కన గుత్త. మోటరు మారలే, వైండింగు మారలే, కొలత ఒక్కటే మార్చిన. మల్ల కడుపునిండ తిన్న.

బోర్ల మోటరు దింపుడు తీసుడు వచ్చినంక అదీ అట్లనే. పైపు ఇరువై అడుగులు, ఎన్ని పైపులున్నయో రైతుకు ఎరికే, నాకు ఎరికే. పైపుకు ఇంత. మోటరు నడుమల ఇరుక్కున్నదంటే మాత్రం పైపు లెక్క చెల్లదు, అది బండ తగిలిన బాయి. ముందే అనుకోవాలె.

ఎర్తింగు గురించి ప్రత్యేకంగ చెప్త. మన దిక్కు భూమిల నాలుగు గజాలకు ఒక బండ. ఎనిమిదడుగుల పైపు దింపాలె, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వెయ్యాలె, నీళ్లు పొయ్యటానికి మూతి పెట్టాలె. ఒక ఇంటికాడ పొద్దటికి అయితది, పక్కింటికాడ మూడడుగులకే పార ఖంగుమంటది. దీన్ని వైరింగు గుత్తల కలిపి ఒప్పుకున్నోడు ఏం చేస్తడు? మూడడుగుల కాడనే పైపు కోసి పాతిపెట్టి మట్టి కప్పుతడు. చూసేటోడెవ్వడు? లైటు ఎలుగుతది, ఫ్యాను తిరుగుతది. ఎర్తు లేని సంగతి ఎవ్వరికి తెలువది, ఆ కోడలు లెక్క ఒకామె తడి చేతులతోని ముట్టుకునేదాక. అందుకే నేను ఎర్తు గుంతను ఎన్నడూ గుత్తల కలపలే. కాగితం మీద వేరే గీత. మట్టి అయితే ఇంత, బండ అయితే ఇంత. 'అందరు కలిపి చెప్తున్నరు, నువ్వొక్కనివే వేరే అడుగుతున్నవు' అని పని పోయినా, పోనిచ్చిన. మనిషి పానం మీదికొచ్చే పనికి తొందరను పెంచే ధర పెట్టొద్దు. నేను నీకిచ్చే ఆస్తి ఈ ఒక్క మాటే.

ఇగ గుత్త పనికిరాదు, అంత కైకిలే మేలు అనుకుంటవేమో. ఒకసారి మన ఊరి ఒంటరి ఆడామె పిలిచింది. రెండర్రల ఇల్లు, కరెంటు పోయింది. నేను తెలివిగ 'గంటకు ఇంత తీసుకుంట' అన్న. ఆమె గడపల కూసోని నేను పని చేస్తున్నంతసేపు గోడ గడియారం చూసింది. నేను మంచినీళ్లు తాగితే ఆమె మొఖం మారింది. స్క్రూ కింద పడితే గుండె మీద పడ్డట్టు ఉలికిపడ్డది. అప్పుడు తెలిసింది నాకు. కైకిలంటే మనకు నిమ్మళం, ఇంటోళ్లకు భయం. గుత్తంటే ఇంటోళ్లకు నిమ్మళం, మనకు భయం. ఆ భయాన్ని ఎవ్వరు మోయగలరో చూడాలె. చిన్న భయమైతే పనోడే మోయాలె, వానికి పది ఇండ్లున్నయి, ఈడ పోతే ఆడొస్తది. పెద్ద భయమైతే ఇద్దరు పంచుకోవాలె.

అప్పటిసంది లీకు పనులకు నా పద్ధతి మార్చిన. చూసినందుకు ఇంత అని ఒక చిన్న గుత్త. రెండు గంటలు చూస్త. దొరికితే అది బాగుచేసేటందుకు ఎంతో అప్పుడు చెప్త, ఎందుకంటే బర్రె అప్పుడు గట్టు మీదికొచ్చింది. దొరకకపోతే పని ఆపి కూసోని మాట్లాడుత, 'ఇంకో పూట చూడాల్నా, లేకుంటే ఈ అర్ర వైరింగు మొత్తం కొత్తది గుంజుదామా' అని. కొత్తగ గుంజుడంటే మల్ల పాయింట్ల లెక్కే, నాటే. ఇంటోళ్లకు ఎన్నడూ నేను అడగకుండ పైసలు పెరగలే. నోటుబుక్కుల మల్ల పిలిచిండ్రా అన్న వరుస సగానికి పైగ ఖాళీగుండె.

ఇప్పుడు ఫోన్లనే అన్ని పనులకు ధరలు రాసి పెడుతున్నరు, ఫ్యానుకు ఇంత, స్విచ్చికి ఇంత అని. మంచిదే, అవన్ని నాట్లు. నువ్వు ఆ లిస్టు చూసి లీకుకు గూడ ఒక ధర గీసినవు. అక్కడ తప్పిపోయింది.

ఇగ ఇప్పుడేం చెయ్యాలె అంటవా? ఇంకో ఐదు వందలు అడుగుదామా అంటవా? వద్దు. ఎనిమిది వందలని నువ్వే అన్నవు, వాళ్లు బలవంతం చెయ్యలే. ఎనిమిది వందలకే మొత్తం చెయ్యాలె. టేపు సుట్టి రావద్దు. పొద్దుగాలనే పడిపోతున్నదంటే నాకు గీజరు మీద అనుమానమున్నది, లేకుంటే బయట గోడ మీది లైటు, మంచుకు తడుస్తది. ఒక్కొక్కటి తీసి చూద్దాం.

పొద్దుగాల ఆరింటికే లే. నా అద్దాలు, ఆ సిరీస్ బల్బు సంచిల పెట్టు, నిచ్చెన నువ్వు పట్టుకో, నేను బండి ఎన్క కూసుంట. ఏందీ, నీకెంతియ్యాలె తాతా అంటున్నవా? నాది గుత్తే. రెండు చాయ్‌లు. తొవ్వల ఒకటి, పని అయినంక ఒకటి. ఆ మొద్దును జర లోపలికి దొబ్బి పో, పండుకో.